ముగ్గు ఏ గడిలోకి వస్తుంది? చెన్నై ప్రాజెక్టు డైరీ

పని ఎక్కడ మొదలైందంటే

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా మొదటిసారి సమయ వినియోగ సర్వే చేసింది. ఎంచుకున్న ఇళ్ళలో ఆరేళ్ళు నిండిన ప్రతి మనిషీ ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా ఏం చేశారో సర్వేవాళ్ళు అడిగి అరగంట గళ్ళలో రాసుకున్నారు. ఇంట్లోవాళ్ళ కోసం జీతం లేకుండా చేసే ఇంటిపనులకు, ఆ పనులు చేసిన ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసిన మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88.

లింగభేదం, కుటుంబం, సృజన అనే మూడు మాటలు కలిపి పరిశోధన చేయాలనుకునేవాళ్ళు ఎక్కువమంది ఈ అంకెల దగ్గరే ఆగి, 'ఆడవాళ్ళకు తీరిక లేదు' అని ఒక వాక్యం రాసుకుని ముందుకు పోతారు. మేము ఆగింది ఆ సర్వే ఫారం దగ్గర. ఒక అరగంట గడిలో పనులు ఎన్ని ఉన్నా మూడింటినే రాస్తారు, అవీ పది నిమిషాలకు తగ్గకుండా చేసినవే. వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, తొమ్మిది నిమిషాల్లో మెలికల ముగ్గు వేసి, లోపలికి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టిన మనిషి ఫారంలో ముగ్గు ఉండదు. ఉన్నా శుభ్రం చేయడం కింద వేస్తారా, పూజ కింద వేస్తారా అన్నది రాసుకునే మనిషిని బట్టి ఉంటుంది. అంతర్జాతీయ వర్గీకరణలో ఉన్న తొమ్మిది పెద్ద విభాగాల్లో సంస్కృతి, తీరిక అన్నవి ఎనిమిదోదానిలో ఉన్నాయి. వాకిట్లో ముగ్గు అంతదూరం నడవదు.

సర్వేది తప్పని కాదు. అది గంటలు లెక్కపెట్టడానికి పెట్టిన ఫారం. ఇంటిపనిలో కొత్తగా ఏం పుట్టిందో పట్టుకోవాలంటే ఇంకో రకం ఫారం కావాలి. చెన్నైలోని తెలుగు ఇళ్ళను తీసుకుని ఆ ఫారం తయారు చేసుకోవడానికి ముందు జరిగే సామగ్రి సేకరణ ఇది. సిద్ధాంతం ఇంకా లేదు, ఉండకూడదు కూడా. ఉన్నది ఒక గోడ, దాని మీద కార్డులు.

కార్డు

15 × 10 సెంటీమీటర్ల మందపాటి కార్డు, పెన్సిల్‌తో రాయాలి. ఒక కార్డుకు ఒక్క సంగతి. గళ్ళు ఆరు: వస్తువు లేదా పని; అందులో ఏం మారింది; ఎవరు మార్చారు; ఎప్పుడు, ఎంతసేపట్లో; ఆ మార్పును ఒప్పుకున్నదెవరు, కాదన్నదెవరు; పేరు ఎవరికి వచ్చింది. వెనకవైపు ఫొటో నంబరు, ఆడియో నంబరు.

రెండో గడి ఖాళీగా ఉంటే కార్డు గోడ ఎక్కదు. ఈ నియమం పెట్టకముందు కార్డులన్నీ 'ఆమె చాలా బాగా కుడుతుంది', 'ఆయన వంట అద్భుతం' లాంటి మెచ్చుకోళ్ళతో నిండేవి. మెచ్చుకోలు వల్ల పరిశోధనకు పనికొచ్చేది ఏమీ రాదు. 'బొంత అంచు మామూలుగా చీర కొంగుతో వేస్తారు, ఈ ఇంట్లో లుంగీ అంచుతో వేశారు, ఎందుకంటే కొంగులో జరీ గుచ్చుకుంటుందని పిల్లలు ఏడ్చారు' అని రాస్తే మార్పు కనిపిస్తుంది, కారణం కనిపిస్తుంది, తర్వాత ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది.

ఐదో గడి మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ ఆలోచన నుంచి తీసుకున్నది. సృజన ఒక్క మనిషి బుర్రలో ఉండదని, మనిషి, ఆ విద్య, ఆ విద్యలో ఏది చేర్చుకోవాలో తేల్చే పెద్దలు, ఈ మూడూ కలిసినచోట ఉంటుందని ఆయన వాదన. చిత్రకళకు ఆ పెద్దలు గ్యాలరీలు, విమర్శకులు. గోంగూర పచ్చడికి ఆ పెద్దలు అత్తగారు, ఎదురింటావిడ, భోజనానికి కూర్చున్న మామగారు. ఆ తీర్పరుల పేర్లు రాయకపోతే కుటుంబం అన్న మాట మన పరిశోధన శీర్షికలో మాత్రమే మిగులుతుంది.

కార్డులకు ఆడవాళ్ళది ఒక రంగు, మగవాళ్ళది ఒక రంగు అని పెట్టకూడదు. రంగు పెట్టిన మరుక్షణం గోడ రెండు ముక్కలవుతుంది, కళ్ళు ఆ రెంటి మధ్య తేడానే వెతుకుతాయి. రంగు సమయానికి పెట్టాం: ఒక్క దఫాలో కూర్చుని చేసినవి తెలుపు, మధ్యలో లేచి మళ్ళీ కూర్చుని చేసినవి పసుపు, ఇంకో పని చేస్తూనే చేసినవి ఆకుపచ్చ.

కార్తీకం: వానల్లో పత్రికలు

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఇళ్ళ చుట్టూ తిరిగే పని పెట్టుకుంటే సగం రోజులు నీళ్ళపాలు. ఆ నెలలు లైబ్రరీలకు ఇవ్వాలి. ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయానికి 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి రావాలి, అందుకని ఆ తర్వాతి తెలుగు పుస్తకాలకు అది మంచి చోటు. తరమణిలోని రోజా ముత్తయ్య గ్రంథాలయం ప్రధానంగా తమిళానిది. అదే కాలపు తమిళ మహిళా పత్రికలతో పోల్చి చూడ్డానికి పనికొస్తుంది. పాత తెలుగు పత్రికల స్కాన్లు ఆన్‌లైన్‌లోనూ బాగానే దొరుకుతాయి, ముందు అవి చూసి, పుటలు పోయిన సంచికల కోసమే లైబ్రరీకి వెళ్ళాలి.

మొదట పట్టుకోవలసింది మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మొదలుపెట్టిన గృహలక్ష్మి. (అదే ఏడాది అక్టోబరులో కేంబ్రిడ్జిలో ఆంగ్ల రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్ ఆడవాళ్ళు రాయాలంటే సొంత గదీ, సొంత డబ్బూ ఉండాలని ఉపన్యాసాలిచ్చింది. మద్రాసులో గది సంగతి ఎవరూ ఎత్తలేదు, పత్రిక మాత్రం వచ్చింది.) కేసరి ఆయుర్వేద వైద్యుడు, స్త్రీల ఆరోగ్యానికి ఆయన అమ్మిన లోధ్ర పేరుమోసిన మందు. కాబట్టి కథలూ వ్యాసాలూ మాత్రమే స్కాన్ చేసి ప్రకటనలు వదిలేస్తే పత్రికను నడిపిన డబ్బు ఎటునుంచి వచ్చిందో కనపడదు. అట్టలు, ప్రకటనలు, ఉత్తరాలు, బహుమతి ఫలితాలు అన్నీ తీయాలి. ఈ పత్రిక రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చే సంప్రదాయం పెట్టింది, 1934లో మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మకు. ఆమె శారద పేరుతో ఈ పత్రికలో నడిపిన శీర్షిక స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో ఉంటుంది. ఉత్తరం ఎక్కడ ఆపినా ఆపొచ్చు, మళ్ళీ అందుకోవచ్చు. పసుపు కార్డు పక్కన పెట్టి చూడదగ్గ రూపం అది.

పాత సంచికలతో వచ్చే చిక్కులు ఎప్పుడూ అవే.

తేదీ: చాలాచోట్ల నెలకు బదులు సంవత్సరం పేరు, మాసం ఉంటాయి. 1928 ఉగాదితో విభవ మొదలైంది, కానీ విభవ మాఘ ఫాల్గుణాల సంచికలు 1929లోకి వస్తాయి. రెండూ కార్డు మీద రాయకపోతే ఏ ఉత్తరం ఏ కథకు జవాబో తలకిందులవుతుంది.

కాగితం: పాత న్యూస్‌ప్రింటు మడిస్తే విరుగుతుంది. జిరాక్స్ గాజు మీద బోర్లించి నొక్కకూడదు. కింద మెత్తటి తువ్వాలు చుట్ట పెట్టి, పుస్తకాన్ని సగమే తెరిచి, ఫోను పుటకు సమాంతరంగా పట్టి తీయాలి. గ్లౌజులు అక్కర్లేదు, కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. గ్లౌజు వేసుకున్న వేలికి పుట అంచు తెలియక చింపేస్తుంది.

అక్షరాలు: పాత సీసపు అచ్చును సాఫ్ట్‌వేర్ చదివితే అరసున్నలు, బండి ఱలు, మసిబారిన ఒత్తులు గందరగోళమవుతాయి. మొత్తం పాఠం చదివించే ఆశ వదులుకుని, విషయసూచిక పుటలు మాత్రం చేత్తో టైపు చేసుకోవాలి. వెతకడానికి అది చాలు.

పేరు: ఇది పెద్దది. రచయిత పేరు చూసి ఆడా మగా అని గడి నింపేయడం ఈ రంగంలో అందరూ చేసే తప్పు. ఇల్లాలి మాటలుగా పాఠకులు ఇష్టపడి చదివిన పురాణం సీత శీర్షిక రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ. బీనాదేవి ఒక మనిషి కాదు, భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరి దంపతుల ఉమ్మడి కలం పేరు. అందుకే సూచికలో రెండు గళ్ళు పెట్టాలి: పేరు ఎవరిదిగా కనిపిస్తుంది, వెనక ఎవరున్నారని తెలిసింది. రెండోదానికి ఆధారం లేకపోతే ఖాళీ. ఊహతో నింపిన గడి తర్వాత లెక్కల్లో నిజమై కూర్చుంటుంది.

వంశం: గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురణకర్తలు వావిళ్ళవారి ద్వారా 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని కావ్యం రాధికాసాంత్వనాన్ని మళ్ళీ అచ్చు వేయించింది. ప్రభుత్వం నిషేధించడం, 1947లో నిషేధం తొలగడం అందరికీ తెలిసిన కథే. మాకు కావలసిన సంగతి అంతకన్నా చిన్నది. అంతకుముందు 1887లో వచ్చిన అచ్చులో కొన్ని పద్యాలతోపాటు పీఠికా పోయింది. ఆ పీఠికలోనే ముద్దుపళని తన ఇంటి ఆడవాళ్ళ వరస చెప్పుకుంది. శృంగారం కోత అందరికీ కనపడుతుంది, వంశావళి కోత కనపడదు. పాత పుస్తకం ఏది చూసినా ముందు పీఠిక, అంకితం, చివరి గద్య ఉన్నాయో లేవో చూడాలని మా జాబితాలో మొదటి అంశంగా చేర్చాం.

సినిమా ఇళ్ళు కూడా ఈ దశలోనే. భానుమతి, రామకృష్ణారావు దంపతుల నిర్మాణ సంస్థకు, స్టూడియోకు కొడుకు భరణి పేరే. 1953లో ఆమె దర్శకురాలైంది ఆ ఇంటి సంస్థలోనే. ఆరుద్ర, కె. రామలక్ష్మి ఒకే ఇంట్లో రాసుకున్నారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలై 1945లో పిల్లల కోసం బాల పత్రిక పెట్టారు. ఇలాంటి ఇళ్ళ విషయంలో జ్ఞాపకాలు, ఇంటర్వ్యూలు బోలెడు దొరుకుతాయి, అందుకే జాగ్రత్తగా ఉండాలి. పేరున్న ఇళ్ళు గోడంతా ఆక్రమిస్తే పేరు లేని ఇళ్ళకు చోటుండదు. పది కార్డులకు ఒకటి చొప్పున గీత గీసుకున్నాం.

కాపీహక్కు సంగతి ఒక్క ముక్క: రచయిత చనిపోయిన ఏడాది తర్వాత మొదలయ్యే సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. పత్రిక పాతదైనంత మాత్రాన అందులోని ప్రతి రచనకూ హక్కు తీరిపోదు. గోడ మీద పెట్టుకోవడం వేరు, అచ్చు వేయడం వేరు.

ధనుర్మాసం: వాకిళ్ళు

చెన్నైలో మార్గళి అనే ఈ నెల మా పనికి పంట. తెల్లవారుజామున ముగ్గులు, సాయంత్రం సభల్లో కచేరీలు. కచేరీల జోలికి పోలేదు, వాటి మీద రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ముగ్గు పూర్తయ్యాక తీసిన ఫొటో సగం పనికి కూడా రాదు. చుక్క పెట్టడం నుంచి వీడియో కావాలి, అదీ పైనుంచి. మొదటి అంతస్తు బాల్కనీ దొరికితే సరే. లేకపోతే సెల్ఫీ స్టిక్‌ను గేటు కమ్మీకి కట్టాలి. ముగ్గుకు రెండు పక్కలా 30 సెంటీమీటర్ల స్కేళ్ళు ఒకదానికొకటి లంబంగా పెడితే తర్వాత వంపు సరిచేసుకోవచ్చు. వీధి దీపాల వెలుతురులో వీడియో మీద నల్లటి పట్టీలు కదులుతుంటే కెమెరా సెట్టింగుల్లో 50 హెర్ట్జ్ ఎంచుకుని, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్లు చాలావరకు 30 ఫ్రేములతో వస్తాయి, గొడవంతా ఆ తేడాదే. ఫ్లాష్ వద్దు; తెల్లపిండి మీద వెలుగు పడి గీతలన్నీ ఒకటైపోతాయి.

రాసుకునే పద్ధతికి ఇళ్ళలో వాడే మాటే చాలు. '15 నుంచి 8, సందు చుక్క' అంటే మధ్య వరుసలో 15, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గుతూ 8 దాకా. మొత్తం 169 చుక్కలు. '13 నుంచి 7, సందు చుక్క' అయితే 127. ఈ మొత్తాలు ముందే పట్టిక వేసుకుని జేబులో పెట్టుకోవాలి. ఫొటోలో లెక్క సరిపోకపోతే అక్కడ ఏదో జరిగిందని అర్థం.

అలా జరిగినది ఒకటి వివరంగా. టి.నగర్‌లో ఒక పాత ఇంటి ముందు 15 నుంచి 8 మెలికల ముగ్గు. ఫొటోలో 168 చుక్కలే. తగ్గినది ఆరు మూలల్లో ఒకదాని చివరి చుక్క. వీడియోలో చూస్తే చుక్కలు పెడుతుండగా గేటు తీసుకుని పాలవాడు వచ్చాడు, వేసే ఆవిడ లేచి పక్కకు జరిగింది, తిరిగి కూర్చున్నాక తర్వాతి వరుస అందుకుంది. గీత ఆ మూలకు వచ్చాక చుట్టడానికి చుక్క లేదు. నాలుగైదు సెకన్లు చెయ్యి గాల్లో ఆగింది. తర్వాత ఆ మూలను తామరమొగ్గతో మూసేసింది. మర్నాడు అదే వాకిట్లో అదే ముగ్గు, ఆరు మూలలకూ ఆరు మొగ్గలు, చుక్కలు 163. ఈసారి ఆరు చుక్కలూ కావాలనే వదిలేసింది. సంక్రాంతి దగ్గర పడేసరికి పక్కింటి వాకిట్లోకీ ఆ మొగ్గలు వచ్చాయి, పక్కింటావిడ వాటిని గులాబీరంగు పొడితో నింపింది.

ఒక్క కార్డులో ఆరు గళ్ళూ నిండిన సందర్భం ఇది. ఏం మారింది, ఏ అంతరాయం వల్ల మారింది, ఎవరు ఒప్పుకున్నారు (పక్కింటావిడ చేత్తోనే ఒప్పుకుంది), పేరు ఎవరికి వచ్చింది (ఎవరికీ రాలేదు, పక్కింటావిడను అడిగితే 'ఈ వీధిలో అందరూ ఇలాగే వేస్తారు' అంది). చివరి పూర్తయిన ఫొటో మాత్రమే తీసి ఉంటే అందమైన ముగ్గు ఒకటి మిగిలేది.

మెలికల్లో ఎన్ని గీతలున్నాయో తెలియాలంటే ఫొటోను ఏ4లో ప్రింటు తీసి స్కెచ్ పెన్నుతో చెయ్యి ఎత్తకుండా గీయాలి. గీత మొదలైన చోటికి తిరిగి రాగానే రంగు మార్చాలి. ఎన్ని రంగులైతే అన్ని గీతలు. ఒకే గీతతో ముగిసే ముగ్గులో ఒక మూల మారిస్తే గీతల సంఖ్యే మారిపోవచ్చు, వేసేవాళ్ళకు అది చేతికి తెలుసు.

చెడిపోయేవి: డిసెంబరు వాన పడిన రోజు చుక్కలు కారిపోతాయి, ఆ రోజు వాకిట్లో సుద్దముక్కతో వేస్తారు, దాన్ని పక్కన పెట్టకుండా వేరే కార్డు రాయాలి. ఫ్లాట్లలో కారిడార్ టైల్స్ మీద కళ్ళాపి ఉండదు, పిండి జారుతుంది, అందుకని తడిగుడ్డతో తుడిచి ఆ చెమ్మ మీదే వేస్తారు. ముగ్గు చిన్నదవుతుంది, గుమ్మానికి ఒక పక్కకు జరుగుతుంది. స్టిక్కర్ ముగ్గు ఉన్న ఇంటిని వదిలేయాలనిపిస్తుంది, వదలకూడదు. స్టిక్కర్ అంటించి మిగిలిన పది నిమిషాలు ఎటు పోయాయో అడగాలి.

మగవాళ్ళు ముగ్గు వేసే ఇళ్ళు ఉన్నాయి, ముందుగా చెప్పరు. 'ఇంట్లో ముగ్గు ఎవరు వేస్తారు' అంటే ఆడవాళ్ళ పేరే వస్తుంది. 'కనుమనాడు రథం ముగ్గు తాడు వీధిలోకి లాగేది ఎవరు', 'రంగులు నింపేది ఎవరు' అని ముక్కలు చేసి అడిగితే కొడుకులు, తాతలు బయటికి వస్తారు.

సంక్రాంతి తర్వాత: ఇళ్ళ లోపలికి

ఏ ఇళ్ళు అన్నది ముందు తేల్చుకోవాలి. చెన్నై తెలుగు అనగానే మాంబలం, కోడంబాకం, మైలాపూరు గుర్తొస్తాయి. వాటితోనే ఆగితే ఒకే తరహా ఇళ్ళు వస్తాయి. తరాలుగా ఇక్కడే ఉండి తెలుగు మాట్లాడుతూ తమిళంలో చదువుకున్న కుటుంబాలు, పాత మద్రాసు కాలం నుంచీ పారిశుద్ధ్య పనిలో ఉన్న తెలుగు కుటుంబాలు, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్ళు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంట అద్దె ఫ్లాట్లలో ఉన్న సాఫ్ట్‌వేర్ జంటలు, నలుగురూ ఉండాలి. హిజ్రా సమూహాల్లో గురువు, చేలా (శిష్యురాలు) బంధం తల్లీకూతుళ్ళ వరసలో నడుస్తుంది; పాట, ఆట అక్కడా ఆ వరసలోనే చేతులు మారతాయి. తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు పెట్టింది, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మూడో లింగాన్ని గుర్తించింది. మన వంశవృక్షం కాగితం మాత్రం ఇంకా మగవాళ్ళకు త్రిభుజం, ఆడవాళ్ళకు వృత్తం దగ్గరే ఉంటే ఎలా? వజ్రాకారం ఒకటి చేర్చాం, పుట్టుకతో వచ్చిన బంధానికి నిలువు గీత, స్వీకరించిన బంధానికి చుక్కల గీత.

వంశవృక్షం ఏ3 కాగితం మీద చేత్తోనే వేయాలి. మేనరికం ఉన్న ఇంట్లో మేనత్తే అత్తగారవుతుంది, ఒకే వృత్తానికి రెండు వైపుల నుంచి గీతలు వస్తాయి. చాలా సాఫ్ట్‌వేర్లు అక్కడ ఆమెను ఇద్దరుగా చేసేస్తాయి. నల్లపెన్నుతో బంధుత్వం, ఎర్రపెన్నుతో విద్య ఎటునుంచి ఎటు పోయిందన్నది. ఎర్రగీతలు చాలాసార్లు నల్లగీతల మీద నడవవు. అల్లిక పక్క వాటా ఆవిడ దగ్గర, పాట రేడియో దగ్గర, కేకు యూట్యూబ్ దగ్గర, వైరు బుట్ట హాస్టల్‌లో. కాగితం అంచు దాటి పోయే ఎర్రగీతలను కత్తిరించకుండా అంచున పేరు రాయాలి. వరసల పేర్లు కూడా ఇంట్లో పిలిచేవే రాయాలి: ఒక ఇంట్లో నాయనమ్మ, ఒక ఇంట్లో మామ్మ, చిత్తూరు వైపు ఇళ్ళలో అవ్వ.

ఇంటికి ఇద్దరు వెళ్ళాలి, ఒక్కరు వెళితే పని కాదు. భర్త హాల్లో ఉంటే ప్రశ్న భార్యను అడిగినా జవాబు ఆయన దగ్గర నుంచి వస్తుంది, లేదా ఆవిడే 'ఏమండీ, మీరు చెప్పండి' అంటుంది. రెండోవాళ్ళు ఆయనను వంశవృక్షం కాగితంతో బాల్కనీలోకి తీసుకెళితే ఇద్దరికీ మంచిది, వంశవృక్షమూ పూర్తవుతుంది. కోడలిని అడిగేటప్పుడు అత్తగారి విషయంలోనూ ఇదే పద్ధతి. ఒకే వస్తువు ఇంట్లో ముగ్గురికి విడివిడిగా చూపించి 'ఇది ఎవరు చేశారు, ఇందులో మీరు ఏం మార్చారు' అని అడగాలి. దసరా బొమ్మల కొలువులో పార్కు ఒక ఇంట్లో ముగ్గురూ ముగ్గురి పేర్లు చెప్పారు, ముగ్గురూ నిజమే చెప్పారు: ఇసుక పోసింది ఒకరు, అద్దంతో చెరువు చేసింది ఒకరు, రైలు పట్టాలు కొనిపెట్టింది ఒకరు.

వంటల నోటుపుస్తకాలు ఈ దశలో దొరికే బంగారం. నూనె మరకలు పడిన పుటకు వెనక నల్ల కాగితం పెట్టి ఫొటో తీస్తే అవతలి పక్క రాత కనపడదు. చేతిరాతలు ఎన్నుంటే అన్నింటికి చే1, చే2 అని గుర్తులు. అంటించిన పత్రిక ముక్కలు (మాలతీ చందూర్ ఆంధ్రప్రభలో నడిపిన శీర్షిక లాంటివి) ఊడి ఉంటే వెనకవైపు కూడా తీయాలి, తేదీ పట్టుకునే ఆధారం తరచు వెనక ఉన్న సినిమా ప్రకటనే. అసలు చూడవలసింది అచ్చు పక్కన పెన్సిల్ రాతలు: 'బెల్లం సగం చాలు', 'పెద్దాడికి కారం వద్దు'. కార్డుకు రెండో గడి అక్కడుంది.

తెలుగు మాట్లాడి తమిళంలో చదువుకున్న ఇళ్ళలో పుస్తకం తమిళ లిపిలో ఉంటుంది. ఆ లిపిలో క-గ, ట-డ, త-ద, ప-బ లకు ఒక్కో అక్షరమే కాబట్టి 'కారె' అని కనపడేది గారె. కాబట్టి ఫొటో ఒక్కటే చాలదు, రాసిన మనిషి చేత చదివించి రికార్డు చేయాలి. చదువుతూ మధ్యలో ఆగి 'ఇప్పుడు ఇలా చేయడంలేదులే' అంటారు. ఆ మాట కోసమైనా చదివించాలి.

పాటలు: మోనో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గంటకు సుమారు 520 ఎంబీ. సీలింగ్ ఫ్యాన్ ఆపితే చెన్నైలో ఎవరూ పది నిమిషాలు పాడరు. ఫ్యాన్ నడవనిచ్చి, కాలర్ మైకును నోటికి జానెడు దూరంలో కొంగు మడతకు గుచ్చాలి, మైకుకు స్పాంజి తొడుగు ఉండాలి. పనిపాటను కూర్చోబెట్టి పాడిస్తే నడక మారిపోతుంది. జోలపాట ఊయల లేకుండా పాడిస్తే చరణాల మధ్య జోకొట్టే పలుకులు రాలిపోతాయి. కాబట్టి ఒక్కో పాట రెండుసార్లు, పనిలో ఒకసారి, కూర్చుని ఒకసారి. పాడినవాళ్ళకు ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు ఉంటుంది, పాట ఎవరిదో తెలియకపోయినా. అనుమతి కాగితం మీద ఆ మాట తెలుగులో, అవసరమైతే తమిళంలో రాసి ఉండాలి.

కాలం కాగితం, రెండో రూపం

సర్వే లాగా రోజంతా అరగంట గళ్ళు పెట్టిన మొదటి రూపం ఫలించలేదు. ఉదయం 5 నుంచి 10 దాకా 'ఇంటి పని' అని ఒకసారి రాసి కింద వరుసగా సున్నాలు చుట్టారు. మగవాళ్ళ కాగితాల్లో అదే తీరున 'టీవీ'. రెండో రూపంలో రోజంతా అడగడం మానేశాం. ఉదయం 5–8, మధ్యాహ్నం 3–6, ఈ రెండు కిటికీలే, పది నిమిషాల గళ్ళు. నిలువు గళ్ళు నాలుగు: చేతిలో పని, దాంతోపాటు నడుస్తున్నది, దగ్గరున్నది ఎవరు, ఎవరైనా పిలిస్తే ఒక్కో పిలుపుకు ఒక్కో గీత. నాలుగో గడి పిల్లలు నింపితే బాగా నిండుతుంది, అమ్మను ఎవరెన్నిసార్లు పిలిచారో లెక్కపెట్టడం వాళ్ళకు ఆట. రాత్రి పడుకునే ముందు నింపే కాగితాలు నమ్మకూడదు. అప్పటికి రోజు సాపు అయిపోతుంది. 8:30కి ఒకటి, 6:30కి ఒకటి ఫోను చేసి ఐదు నిమిషాల్లో నింపుకోవాలి. రాయడం రానివాళ్ళకూ ఇదే దారి.

గోడ, తర్వాతి పని

ప్రస్తుతం గోడ మీద ఆకుపచ్చ కార్డులు అన్నిటికన్నా ఎక్కువ, తెలుపు అన్నిటికన్నా తక్కువ. తెల్లకార్డుల్లో మగవాళ్ళవే ఎక్కువ ఉన్నాయని గమనించాం. ఇళ్ళు ఇంకా సమంగా రాలేదు కాబట్టి దాన్ని ఫలితం అనడం లేదు. ఎవరికైనా తీరిక ఉందా అన్న ప్రశ్న జాబితా నుంచి తీసేసి, దాని చోట 'ఏ పని మధ్యలో ఇది చేశారు' అని పెట్టాం.

పేరు కాగితం విడిగా తయారైంది: పూర్తి పేరు, ఇంటిపేరు లేకుండా, పలానావారి అమ్మ లేదా నాన్న, పేరు వద్దు. ఉమ్మడి పనికి పేర్ల వరస ఎవరు ముందు అన్నది వాళ్ళే రాయాలి. నోటుపుస్తకం రాసినావిడ పోయి ఉంటే అది ఇప్పుడు కూతురి దగ్గరుందా, కోడలి దగ్గరుందా చూసుకుని ఇద్దరినీ అడగాలి. ఒకరు సంతకం చేసి ఇంకొకరు చేయకపోతే ఆ పుస్తకం గోడ దాటి బయటికి పోదు. స్కాన్ చేసిన ప్రతి పుస్తకానికి స్పైరల్ బైండింగు చేసిన రంగు ప్రతులు రెండు, చెరొకరికి.

ఎండలు ముదిరి మామిడికాయలు దిగాక ఆవకాయ దఫా. ఇళ్ళలో కొలత గిద్దె, సోల, లేదా 'ఆ స్టీలు గ్లాసు'. సోల అంటే నాలుగు గిద్దెలన్నది అందరికీ ఒకటే, గిన్నె మాత్రం ఇంటికొకటి. ఆ గిన్నెను తూకం మీద పెట్టి సున్నా చేసి అంచుదాకా నీళ్ళు పోస్తే ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. తర్వాత బాగా తుడిచి ఆరబెట్టి, అదే గిన్నెతో ఆవపిండి, కారం, ఉప్పు వేటికవి వాళ్ళు కొలిచినట్టే తలకొట్టి లేదా గోపురంగా నింపించి తూచాలి. గిన్నెలో చెమ్మ మిగిలితే పచ్చడి బూజు పడుతుంది, ఆ ఇంటికి మళ్ళీ పిలవరు. అందుకని నీళ్ళ కొలత కాయలు కోసే రోజు పెట్టుకోకుండా, కనీసం ముందురోజే ముగించుకోవాలి.